ముందు పేజీలో మూడే ముక్కలు

మాస్టారు పోయారన్న కబురు పొద్దున ఏడున్నరకి వచ్చింది. శ్రీనగర్ కాలనీలో మా ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. ఫోన్లో ఆయన కోడలు. "మా మామయ్య తెల్లారంగ పోయిండ్రు మేడమ్. ఆయన ఫోన్ల మీ నంబరు మొదట్లనే ఉన్నది, అందుకే చేసిన" అంది. పోయారన్న మాట కంటే ముందు ఆ రెండో మాటకే చెప్పుల్లోంచి కాళ్లు వెనక్కి తీశాను. నా ఫోన్లో ఆయన నంబరు ఎక్కడో అడుగున పడి మూడేళ్లయింది. ఆయన ఉండేది మోతీనగర్. మా ఇంటి నుంచి ఆటోలో అరగంట. ఆ అరగంట దూరాన్ని మూడేళ్లలో ఒక్కసారి కూడా దాటలేకపోయాను.

ఆ రోజు వెళ్లాను. గేటు బయట జనం వెనక నిలబడ్డాను. దండ వేయడానికి కూడా ముందుకు వెళ్లలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఎవరూ పలకరించకముందే వచ్చేశాను.

మా షెడ్డులో వాళ్లు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలకేం, బోలెడున్నాయి. కానీ ఒక చెడ్డ మాట దాచిపెట్టి ఆ మంచి మాటలు రాస్తే ఆయన ఒప్పుకునే మనిషి కాదు. ఆ చెడ్డ మాట ఆయన గురించి కాదు, నా గురించి. అందుకని రెండూ రాస్తున్నాను. చదివేవాళ్లు నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

ఫిల్మ్ నగర్ వాలులో, సినిమా ఆఫీసుల వెనక సందులో ఉంటుంది మా షెడ్డు. షూటింగ్ లైట్లకి కరెంటు అందించే ప్లాస్టిక్ డబ్బాలు చేస్తాం. ఒక లావుపాటి వైరు డబ్బాలోకి వచ్చి, నాలుగు వైర్లుగా బయటికి పోతుంది. నేను ఫైళ్లు రాయడానికి చేరాను. ఫ్యాక్టరీ తనిఖీకి వచ్చే అధికారికి ప్రతి ప్లాస్టిక్ భాగానికీ ఒక పేజీ చూపించాలి. ఏ బస్తా దానాతో చేశారు, ఏ రోజు అచ్చు పోశారు, మంట పెడితే ఎంతసేపటికి ఆరింది, అన్నీ ఉండాలి. దానా అంటే అచ్చు పోయడానికి వచ్చే ప్లాస్టిక్ గింజలు. మంట పెట్టి చూసే పని మాస్టారిది. నాకంటే ముందు నుంచీ ఆయన అక్కడ ఉన్నారు. అంతకుముందు ఎక్కడో పెద్ద ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో అదే పని చేసి రిటైరయ్యారు.

మేము కోస్తావాళ్లం కనక మొదటి రోజే నోరు జారి "మాస్టారూ" అన్నాను. "నేనేమన్న బడి పంతుల్నా బిడ్డా" అని నవ్వారు. తర్వాత చూస్తే నిజంగానే పంతులు. నా వాలు రాత చూసి, సినిమా పోస్టర్ లెక్క రాస్తవేంది, తనిఖీకి వచ్చినాయన చదవాలె గాని చూసి చప్పట్లు కొట్టొద్దు, అని నెల రోజులు నిటారుగా రాయించారు.

ఆయన పని ఎలా ఉండేదో చెప్పాలి. షెడ్డు చివర కిటికీ పక్కన ఒక మూల ఆయనది. ఏ కొత్త దానా వచ్చినా, దాంతో పోసిన డబ్బాల నుంచి వేలెడు పొడవు పట్టీలు ఐదు కోసేవారు. కోసిన వెంటనే కాల్చరు. రెండు రోజులు ఒకే చల్లదనంలో, ఒకే తేమలో ఉండే చిన్న అలమారాలో పెట్టాలి. అది పద్ధతి. ఓనరుగారు తొందరపెడితే, "అచ్చుల నుంచి ఇప్పుడే వచ్చినయి సార్, జర కునుకు తియ్యనియ్యుండ్రి" అనేవారు. రెండు రోజులయ్యాక ఒక్కో పట్టీని నిలువుగా వేలాడదీసి, కింద కొత్త దూది పింజె పరిచేవారు. పట్టీ అడుగున మంట పెట్టి పది లెక్కపెట్టాలి, తీసేయాలి. తీశాక ఎంతసేపటికి తనంతట తాను ఆరుతుందో చూడాలి. ఆరాక మళ్లీ ఒకసారి. పది లోపల ఆరిపోవాలి. మండుతూ చుక్క కిందపడి దూది అంటుకోకూడదు. దూది అంటుకుందా, ఆ డబ్బాలన్నీ పక్కకి. చేతిలో స్టాప్ వాచీ ఉన్నా పెదాలతో కూడా లెక్కపెట్టేవారు. ఎందుకు మాస్టారూ అంటే, వాచీ బ్యాటరీ మీద నడుస్తది, నేను జొన్నరొట్టె మీద నడుస్త, ఇద్దరం ఒక్కటే చెప్తున్నమా లేదా చూసుకోవాలె కదా అనేవారు.

కాలిన ఐదు ముక్కలూ చల్లారాక రిజిస్టరులో ఆ పేజీ మీదే వరసగా అంటించేవారు. వేరే ఎక్కడా ఎవరూ అలా చేయరట. ఫోటో చాలు. "ఫోటోకు పొడుగు పొట్టి ఉండదు బిడ్డా. ముక్క ఉంటే ఎవరన్న వేలు పెట్టి చూడొచ్చు" అనేవారు. అంటించాకే సంతకం. పొడి రెండక్షరాలు, కింద ఒక చుక్క.

ఇంకో అలవాటు. రిజిస్టరులో తప్పు పడితే తెల్ల రంగు పూయనిచ్చేవారు కాదు. నేను ఒకసారి పూశాను. గోటితో గీకి గీకి తీయించారు. తప్పు మీద ఒక్క గీత కొట్టు, పక్కన ఒప్పు రాయి, సంతకం పెట్టు, తేదీ వెయ్యి. కిందున్న తప్పు చదవడానికి రావాలె. తప్పు కనబడని పుస్తకాన్ని నేను నమ్మ, అన్నారు.

చేరిన కొత్తలో ఈ పనంతా నాకు చాదస్తంలా అనిపించేది. మొహం మీదే అన్నాను కూడా. కోపం తెచ్చుకోలేదు. ఆ సాయంత్రం డబ్బాలు ఇవ్వడానికి వెళ్తున్న వ్యానులో నన్నూ ఎక్కించుకుని, దగ్గర్లోని స్టూడియో ఫ్లోరుకి తీసుకెళ్లారు. రాజమహల్ సెట్టు. ముందు నుంచి చూస్తే పాలరాయి, బంగారం. వెనక్కి తీసుకెళ్లి చూపించారు. థర్మకోల్, ప్లైవుడ్, గుడ్డ, రంగు డబ్బాలు, వాటి మధ్య మా డబ్బా, దాన్నిండా వైర్లు. ఎక్కడో పైన కప్పు దగ్గర పలకల మీద లైట్‌మేన్ ఒకాయన కూర్చుని ఉన్నాడు. షాట్ అయ్యాక ఆయన టీకి దిగుతుంటే మాస్టారు నా మోచేయి తట్టారు.

"లెక్కపెట్టు బిడ్డా."

లెక్కపెట్టాను. నిచ్చెన దిగి నేల మీద కాలు పెట్టేసరికి ముప్పై ఎనిమిదయింది.

"మనం ప్లాస్టిక్‌ను పదిలోపల ఆరిపొమ్మంటున్నం. పదికి ఈయన ఇంక నిచ్చెన మొదట్లనే ఉన్నడు. గిది చాదస్తమంటవా?"

ఆ లైట్‌మేన్ మాకు కూడా టీ తెప్పించాడు. మాస్టారు తన అలవాటు ప్రకారం సగం సాసర్‌లో పోసి నాకిచ్చి, సగం కప్పుతో తాగారు. ఆ రోజు నుంచి నేను ఆయన పక్కన నిలబడి దూది పరచడం నేర్చుకున్నాను.

ఇంత నేర్చుకుని కూడా చేశాను. అందుకే ఇంత బాధ. తెలియక చేసినదానికి ఎవరైనా క్షమిస్తారు. నాకు అన్నీ తెలుసు.

మూడేళ్ల కిందట, ఆయన భార్యకి మోకాలి ఆపరేషన్ అయింది. మాస్టారు వారం సెలవు పెట్టారు. ఎప్పుడూ వచ్చే దానా ఆలస్యమైందని ఓనరుగారు ఆ వారమే వేరేచోట నుంచి తెప్పించారు. దాంతో నలభై రెండు డబ్బాలు పోశారు. సరిగ్గా అప్పుడే, రేపు పదకొండింటికి తనిఖీ అని కబురు. ఓనరుగారు హడావిడిగా వచ్చి, రిజిస్టరు చూసి, ఈ పేజీ ఖాళీగా ఉందేంటమ్మా అన్నారు. పట్టీలు కోసినా రెండు రోజులు ఆగాలి. మాస్టారికి ఫోన్ చేశాను. ఆసుపత్రి వరండాలో ఉన్నట్టున్నారు, వెనక ఎవరి పేరో పిలుస్తున్నారు.

"ఖాళీ పేజీ ఖాళీగనే ఉండనియ్యి. తిడ్తే తిట్టనియ్యి, తిట్లకు ఏంగాదు. నేనొచ్చేదాక ఆ డబ్బాలు గేటు దాటనియ్యకు, అంతే" అన్నారు.

అంత స్పష్టంగా చెప్పారు. నేను ఫోన్ పెట్టేసి ఓనరుగారి గదిలోకి వెళ్లాను. మాస్టారు ఏమన్నారమ్మా అని అడిగారు. ఆ మనిషి మొహంలో కంగారు చూశాను. ఉద్యోగంలో నాకు మంచి పేరు రాబోతోందన్న ఆశ కూడా ఎక్కడో ఉంది, లేదని ఎందుకు బొంకాలి? "ఆ దానా సంగతి ఆయనకి తెలుసటండీ. సరే అన్నారు, రాసేయమన్నారు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ముందు పేజీలోని అంకెల్ని అటూ ఇటూ కొంచెం మార్చి కొత్త పేజీలో రాశాను. కాలిన ముక్కలు లేకపోతే అధికారి అడుగుతాడని, ముందు పేజీలోని ఐదింట్లో రెండు ఊడదీసి ఇక్కడ అంటించాను. కింద ఆ రెండక్షరాలు, ఆ చుక్క. రోజూ చూసే సంతకం, చెయ్యి తిరగకేం?

మర్నాడు అధికారి వచ్చి రిజిస్టరు తిరగేశాడు. ఇంత శుభ్రమైన పుస్తకం ఈ చుట్టుపక్కల చూడలేదన్నాడు. ఓనరుగారు మిఠాయి తెప్పించారు. నేను రెండు తిన్నాను. డబ్బాలు ఆ మధ్యాహ్నమే గేటు దాటాయి.

మాస్టారు సెలవు నుంచి వచ్చిన రోజు ముందు రిజిస్టరు తీశారు. కొత్త పేజీ చూశారు. దాని ముందు పేజీకి వెళ్లారు. జిగురు మరకల మీద వేలు పెట్టి చూశారు. నేను పక్క బల్ల దగ్గర ఏదో రాస్తున్నట్టు నటిస్తున్నాను.

"బిడ్డా, ముందు పేజీల మూడే ఉన్నయి" అన్నారు.

అదొక్కటే అన్నారు. చెప్పడానికి నాకు చాలా టైమిచ్చారు. కిటికీ తీశారు, బల్ల తుడిచారు, దూది చుట్ట విప్పి మళ్లీ చుట్టారు. నేను తల ఎత్తలేదు. చివరికి ఆయనే లేచి, ఆ వారం పోసినవాటిలో మిగిలిన డబ్బా మూత ఒకటి తీసుకుని పట్టీలు కోయడం మొదలుపెట్టారు. రెండు రోజులు ఆగి కాల్చారు. మొదటి పట్టీకే చుక్క మండుతూ జారింది. దూది భగ్గుమంది. ఐదింటికి ఐదూ అంతే. వాటిని తర్వాతి పేజీలో అంటించి, ఉన్నదున్నట్టు రాసి, తన సంతకం పెట్టి ఆ పుస్తకం ఓనరుగారి ముందు పెట్టారు. డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాలన్నారు.

ఓనరుగారు చెడ్డ మనిషి కాదు. తెప్పిద్దాం అన్నారు. ఆ తర్వాత, "మరి మీరే సరే అన్నారటగా? అమ్మాయి చెప్పింది" అన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. మాస్టారు నావైపు తిరిగారు. ఆ చూపులో కోపం ఉంటే ఎంత బాగుండేదో. అంతకుముందు బల్ల తుడుస్తూ ఆగినట్టే ఒక్క క్షణం ఆగారు. నేను చూపు ఫైళ్ల మీదకి తిప్పుకున్నాను.

"ఔ సార్. నేనే అన్న. తొందరపడ్డ" అన్నారు.

డబ్బాలు వెనక్కి తేవడానికి వ్యానులో ఆయనే వెళ్లారు. వారం పట్టింది. ఏ ఫ్లోరులో ఏ డబ్బా ఉందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరోజు ఆటోలో వస్తూ, ఒక స్టూడియో గేటు బయట ఎండలో ఆయన కాగితం పట్టుకుని కాపలా మనిషిని బతిమాలుతుండటం చూశాను. ఆటో ఆపమనలేదు. చివరి డబ్బా ఎక్కడో విప్పేసిన సెట్టు కుప్పలో దొరికిందట. తెచ్చి నా బల్ల మీద పెట్టి, నలభై రెండూ వచ్చినయి బిడ్డా, ఎవరికీ ఏం కాలేదు, ఇంక ఫికర్ చెయ్యకు, అన్నారు. ఆ సాయంత్రమే ఓనరుగారు, పెద్దవారు, ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకోండి అని ఆయన్ని పంపించేశారు. మాట మర్యాదగానే ఉంది. తొందరపాటు మనిషన్న ముద్ర మాత్రం ఆయన మీద పడింది. మంట ముందు కూడా తొందరపడని మనిషి మీద!

నెల తిరక్కుండా ఆ మూల నాకిచ్చారు. ఇప్పుడు పట్టీలు కాల్చేది నేనే, సంతకం పెట్టేది నేనే. మూడేళ్లుగా ఆయన కుర్చీలో కూర్చుని, పెదాలతో లెక్కపెడుతూ, తప్పు రాసిన కొత్తవాళ్లని ఆయన మాటలతోనే తిడుతున్నాను. షెడ్డులో ఎవరైనా మాస్టారు అప్పట్లో తొందరపడ్డారంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. తొందరపడింది ఆయన కాదు, నేను అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

చెప్పాలని అనుకోలేదా అంటే, అనుకున్నాను. రెండుసార్లు పళ్లు కొన్నాను. రెండుసార్లూ మా ఇంట్లోనే తిన్నాం. కిందటేడు శ్రీనగర్ కాలనీలో మందుల షాపు ముందు ఆయనే ఎదురయ్యారు. చిక్కిపోయారు. "దూది కొత్తదే పెడ్తున్నవా?" అని అడిగారు. పెడుతున్నానన్నాను. మాస్టారూ, అని మొదలుపెట్టాను. ఖాళీ ఆటో వచ్చి ఆగింది. నేను చెయ్యెత్తి ఆపిందే, నా మాట తడబడుతుంటే. వస్తానండీ అని ఎక్కేశాను.

పదకొండో రోజున మోతీనగర్ వెళ్లాను. ఈసారి వెనక నిలబడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. భోజనాలయ్యాక ఆయన భార్య మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే దగ్గరకి వెళ్లి, నేనెవరో చెప్పాను. అమ్మా, ఆ డబ్బాల విషయంలో మాస్టారిది తప్పు కాదు, అబద్ధమాడింది నేను, సంతకం కూడా ఆయనది కాదు, అన్నాను. ఎన్నోసార్లు మనసులో చెప్పుకున్న మాటలే.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఎరుకే బిడ్డా. నేను దవాఖాన నుంచి ఇంటికొచ్చిన కొత్తలనే మీ సార్ చెప్పిండు" అంది.

మరి మీరెవరూ నన్నెందుకు అడగలేదమ్మా అన్నాను.

"నేను ఫోన్ జేస్తనంటే వద్దన్నడు. అడిగి చెప్పిస్తే ఆ పిల్లకు బరువు దిగదు, ఆమెకు ఆమెనే రావాలె, వస్తది అన్నడు. అయితారం అయితారం చూసేటోడు. పోయినేడు మందుల షాపుకాడ కలిసినవట గదా. ఇంటికొచ్చి, ఇయ్యాల చెప్పబోయింది, గింతల ఆటో వచ్చింది, అని నవ్విండు."

ఆటో ఆపింది నేనేనని ఆయన చూశారు. చూసి కూడా భార్యకి అలా చెప్పారు. అక్కడే, నలుగురి మధ్యలో, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఇంకొక్క ఆదివారం ముందు వెళ్లినా ఆయన ఉండేవారు. నన్ను చూసి, టీ పెట్టించి, సగం సాసర్‌లో పోసి ఇచ్చేవారు. ఆ ఆదివారాన్ని నేను చేతులారా పోగొట్టుకున్నాను.

లేచి వస్తుంటే కోడలు అలమారాలోంచి ఒక కవరు తెచ్చి ఇచ్చింది. నేనొస్తే ఇవ్వమన్నారట. బయట ఏమీ రాసి లేదు. లోపల దూది. దూదిలో చుట్టి రెండు కాలిన ముక్కలు. నేను ముందు పేజీలోంచి ఊడదీసి దొంగ పేజీలో అంటించినవి. షెడ్డు వదిలి వెళ్లే ముందు ఆయన వాటిని తీసి దాచారు. దొంగ పేజీలో ముక్కలున్నాయో లేవో నేనెప్పుడూ చూడలేదు. మూడేళ్లలో ఆ పేజీ తెరిచే ధైర్యం నాకు రాలేదు.

మర్నాడు పొద్దున షెడ్డుకి వెళ్లి పాత రిజిస్టరు తీశాను. దొంగ సంతకం అలాగే ఉంది. దాని మీద ఆయన గీత కొట్టలేదు. అది ఆయన కొట్టాల్సింది కాదు. నేను కొట్టాను. ఒక్క గీత. కింద ఆ రెండక్షరాలు, చుక్క చదవడానికి వస్తున్నాయి. పక్కన, ఈ పరీక్ష జరగలేదు, ఈ సంతకం నేను పెట్టాను అని రాశాను. నా పేరు పూర్తిగా రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. నిటారు రాతే. పుస్తకం ఓనరుగారి ముందు పెట్టి నిలబడ్డాను. ఆయన రెండుసార్లు చదివారు. మరి ఆ రోజు ఆయన అవునన్నారు కదమ్మా అన్నారు. అన్నారండీ, నాకోసం అన్నారు, అన్నాను. వచ్చే తనిఖీలో మొదట ఈ పేజీయే చూపిస్తానని కూడా చెప్పాను. నన్ను ఉంచుతారో పంపిస్తారో ఇంకా చెప్పలేదు. మాస్టారి ఇంటికి ఒకసారి వెళ్లొస్తానని మాత్రం అన్నారు.

తర్వాత ఆ మూలకి వెళ్లి కిటికీ తీశాను. ముందు పేజీలో జిగురు మరకలు రెండూ పసుపుపచ్చగా అయిపోయి ఉన్నాయి. ఏ ముక్క ఏ మరకదో పొడవు చూసి పోల్చుకుని, జిగురు రాసి, ఆరేదాకా వేళ్లతో అదిమి పట్టుకున్నాను. పెదాలు వాటంతట అవే లెక్కపెట్టాయి. ఇప్పుడు ఆ పేజీలో ఐదూ ఉన్నాయి. చివరి రెండింటికి మాస్టారు చుట్టిన దూది పోగులు సన్నగా అంటుకుని ఉన్నాయి. వాటిని నేను తీయలేదు.